వేడికి దారి చూపితే చాలు
గేమ్ కన్సోల్ ఎందుకు కాలిపోతుంది? చేవెళ్ళ ఎండల్లో విప్పి చూసిన ఒక యంత్రం కథ

మే నెల, మధ్యాహ్నం మూడు గంటలు. చేవెళ్ళలో మా అక్కయ్య ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, దాని కింద వడగాలి తప్ప ఏమీ లేదు. మా మేనల్లుడు టీవీ ముందు కూర్చుని ఫుట్‌బాల్ ఆట ఆడుతున్నాడు. టీవీ కింది అరలో పెట్టిన గేమ్ కన్సోల్ మొదట సన్నగా ఈల వేసింది. కాసేపటికి పిండిమర మోత అందుకుంది. ఆ తర్వాత తెర నల్లబడి మొత్తం ఆగిపోయింది.

"మామా, మల్ల బందైంది. ముట్టుకుంటె కాలుతుంది" అన్నాడు వాడు. ఆ వారంలో అట్లా ఆగడం నాలుగోసారి. "ఫ్యాను ఖరాబైనట్టుంది. ఇంకా పెద్ద ఫ్యాను దొరికితే ఏపిద్దాం."

ఆ సాయంత్రం ఎండ తగ్గాక ఇద్దరం కూర్చుని మూత విప్పాం. ఫ్యానుకు ఏమీ కాలేదు, శుభ్రంగా తిరుగుతోంది. పాడైంది వేడి బయటికి వెళ్ళే దారి. కాలే యంత్రం కనబడగానే మనందరి చూపూ ఫ్యాను మీదికే పోతుంది. నిజానికి చల్లదనాన్ని ఏ ఫ్యానూ తయారు చేయదు. పుట్టిన వేడిని గడప దాటించడం ఒక్కటే దాని పని. గడప దాకా వేడి రాకపోతే ఎంత పెద్ద ఫ్యాను పెట్టినా దండగే. ఈ సంగతి అర్థమైతే గేమ్ కన్సోలే కాదు, ల్యాప్‌టాప్, ఇన్వర్టర్, ఫ్రిజ్ వెనక జాలీ కూడా అర్థమైనట్టే.

ఇస్త్రీ పెట్టెకు పది రెట్లు

కన్సోల్ గుండె ఒక సిలికాన్ చిప్. అందులో వందల కోట్ల ట్రాన్సిస్టర్లు ఉంటాయి. ఒక్కోటీ ఒక చిన్న స్విచ్. సెకనుకు కోట్ల సార్లు అవి తెరుచుకుని మూసుకుంటాయి. ప్రతిసారీ కాస్తంత విద్యుత్తు నిండి ఖాళీ అవుతుంది. ఆ కాస్త శక్తీ చివరికి వేడిగానే మిగులుతుంది. తెర మీద బంతి ఎంత దూరం ఎగిరినా, గోడ సాకెట్ నుంచి కన్సోల్ లాగిన 200 వాట్లూ దాదాపు మొత్తం వేడిగా మారి గదిలోకే వస్తాయి. పాతకాలపు వంద వాట్ల గుండు బల్బులు రెండు వెలిగించి ఒక డబ్బాలో మూసినట్టు లెక్క.

వేడి మోతాదు కంటే అది పుట్టే చోటు ఇరుకుగా ఉండటం అసలు చిక్కు. ఇంట్లో వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె అడుగు సుమారు 200 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. అంటే చదరపు సెంటీమీటరుకు 5 వాట్లు. కన్సోల్ చిప్ వైశాల్యం దాదాపు మూడు చదరపు సెంటీమీటర్లు, బొటనవేలి గోరుకు రెట్టింపు. దాని నుంచి 150 వాట్లు వస్తే చదరపు సెంటీమీటరుకు 50 వాట్లు. ఇస్త్రీ పెట్టెకు పది రెట్లు. ఆ వేడిని క్షణం కూడా నిలవనీయకుండా సాగనంపాలి. నిలిస్తే చిప్ మొదట తన వేగం తానే తగ్గించుకుంటుంది, ఆట తడబడుతుంది. అప్పటికీ దిగకపోతే తనను తాను కాపాడుకోవడానికి కరెంటు కట్ చేసుకుంటుంది. మా వాడి కన్సోల్ చేసింది అదే. ఆగిపోవడం జబ్బు లక్షణం, అదే సమయంలో యంత్రం చేసుకున్న ఆత్మరక్షణ కూడా.

దారిలో మజిలీలు

చిప్ నుంచి గదిలోకి వేడి అయిదు మజిలీల ప్రయాణం చేస్తుంది. చిప్ మీద థర్మల్ పేస్ట్, దాని మీద రాగి పలక, అక్కడి నుంచి హీట్ పైపులు, వాటికి అతికించిన అల్యూమినియం రేకులు, చివరికి ఆ రేకుల మధ్య దూసుకుపోయే గాలి. ఒక్క మజిలీ మూసుకుపోయినా వెనకవన్నీ కాలుతాయి.

మొదటి మజిలీ కంటికి అల్పంగా కనబడుతుంది. చిప్ పైభాగం, రాగి పలక రెండూ అద్దంలా నున్నగా ఉంటాయి గానీ సూక్ష్మంగా చూస్తే రెండింటి మీదా గుంటలూ మిట్టలే. వాటి మధ్య గాలి చిక్కుకుంటుంది. వేడిని ప్రసరింపజేయడంలో రాగితో పోలిస్తే గాలి దాదాపు పదిహేను వేల రెట్లు మందకొడి. ఆ గాలిని వెళ్ళగొట్టి గుంటలు పూడ్చడానికే పేస్ట్. ఏళ్ళ తరబడి కాగి చల్లారి అది ఎండిపోతుంది, పగుళ్ళు బారుతుంది, పక్కలకు జరిగిపోతుంది. ఎండిన పేస్ట్ ఉన్న కన్సోల్‌కు ఎన్ని ఫ్యాన్లు పెట్టినా వేడి రాగి దాకా చేరనే చేరదు.

హీట్ పైపు ఈ మొత్తంలో అందమైన ఊహ. అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ 1963లో దీన్ని చేసి చూపించాడు. గాలి తీసేసి మూసిన సన్నటి రాగి గొట్టం, లోపలి గోడకు వత్తి లాంటి పొర, అందులో కొద్దిపాటి నీళ్ళు, అంతే. గాలి లేదు గనుక నీళ్ళు తక్కువ వేడికే ఆవిరవుతాయి. చిప్ వైపున ఆవిరై వేడిని మోసుకుంటూ అవతలి కొసకు పరుగెత్తి, రేకుల దగ్గర చల్లబడి మళ్ళీ నీళ్ళవుతాయి. ఆ నీళ్ళు దీపం వత్తిలో నూనె పాకినట్టు గోడ వెంట పాకుతూ వెనక్కి వస్తాయి. మోటారు లేదు, కదిలే భాగం లేదు.

ఇదే పని చేవెళ్ళ దారిలో ఇంకో రూపంలో జరుగుతోంది. హైదరాబాద్ నుంచి బీజాపూర్ పోయే రోడ్డు మీద మొయినాబాద్ దాటి చేవెళ్ళ వైపు వెళ్తుంటే రెండు పక్కలా వందల కొద్దీ పాత మర్రి చెట్లు కనబడతాయి. రోడ్డు విస్తరణలో అవి పోకూడదని చాలామంది ఏళ్ళ తరబడి పోరాడింది ఈ చెట్ల కోసమే. మండే మధ్యాహ్నం ఆ నీడలోకి బండి ఆపిన వాళ్ళకు హాయి ఎందుకు కలుగుతుందంటే, ఆకులు ఎండను అడ్డుకోవడంతో ఆగవు. వేళ్ళు తెచ్చిన నీటిని ఆవిరి చేస్తాయి. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 జూళ్ళ వేడి మింగుతుంది. మర్రి ఆకైనా, కన్సోల్‌లోని రాగి గొట్టమైనా, వాకిట్లో కుండైనా నమ్ముకున్నది నీటికున్న ఈ ఒక్క గుణాన్నే.

నిమిషానికి వెయ్యి లీటర్ల గాలి

చివరి మజిలీ గాలి. 200 వాట్ల వేడిని, గాలి పది డిగ్రీలు మాత్రమే వేడెక్కేట్టు బయటికి పంపాలంటే ఎంత గాలి కావాలి? ఒక ఘనపు మీటరు గాలిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 1,200 జూళ్ళు పడతాయి. లెక్క వేస్తే సెకనుకు దాదాపు 17 లీటర్లు, అంటే నిమిషానికి వెయ్యి లీటర్లు. ఇంటి మీది వెయ్యి లీటర్ల నీళ్ళ ట్యాంకు పట్టేంత గాలి ప్రతి నిమిషమూ ఆ చిన్న పెట్టెలోంచి దూరి రావాలి. మన ప్రాంతం సముద్ర మట్టానికి అయిదారు వందల మీటర్ల ఎత్తున ఉంది గనుక ఇక్కడి గాలి కాస్త పలచన. తీరప్రాంతం కంటే ఫ్యాను ఓ ఆరు శాతం ఎక్కువ గాలి తోయాలి.

చాలా కన్సోళ్ళలో ఉండేది టేబుల్ ఫ్యాను లాంటిది కాదు. అది బ్లోయర్. ఊళ్ళో కమ్మరి కొలిమి దగ్గర చేత్తో తిప్పే బ్లోయర్ చూసినవాళ్ళకు వెంటనే తెలుస్తుంది. మధ్యలోంచి గాలి పీల్చి అంచు నుంచి ఒక్క దిక్కుకు ఒత్తిడితో తోస్తుంది. మిల్లీమీటరు రెండు మిల్లీమీటర్ల సందులున్న రేకుల మధ్యకు గాలి దూరాలంటే ఆ ఒత్తిడి కావాలి. కొలిమిలో బొగ్గును రాజేసే సాధనమే ఇక్కడ నిప్పును చల్లార్చే పనిలో ఉంది.

మరి మా కన్సోల్‌లో ఏం జరిగింది? బ్లోయర్ తీసి రేకులను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే అవతలి వైపు కనబడలేదు. గాలి లోపలికొచ్చే ముఖం మీద బూడిదరంగు నమ్దా ముక్క అతికించినట్టు దుమ్ము పేరుకుని ఉంది. వేలితో కదిలిస్తే పొర మొత్తం చాప చుట్టలా లేచి వచ్చింది. దాని అడుగున పొలాల దుమ్ము ఉంది, రోడ్డు పనుల దుమ్ము ఉంది, పరుపుల నుంచి రాలిన దూది పోగులు ఉన్నాయి. అన్నింటినీ కలిపి పట్టిన జిగురు వంటింటి పోపు ఆవిరిదీ, అగరొత్తుల, దోమల చుట్టల పొగదీ. వెచ్చగా ఉంటుందని ఒక బొద్దింక కూడా అక్కడ చేరి చచ్చిపోయి ఉంది. మా వాడు ఆ దుమ్ము పొరను చాలాసేపు చేతిలో పట్టుకుని చూశాడు. "ఇంత అడ్డమున్నంక ఫ్యాను మాత్రం ఏం జేస్తది మామా" అన్నాడు.

మండువేసవి లెక్క

దుమ్ముకు తోడు ఇంకో సంగతి ఉంది. చిప్ ఎంత వేడెక్కుతుందన్నది సులువైన లెక్క: లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రతకు, వాట్లనూ దారిలోని నిరోధాన్నీ హెచ్చించగా వచ్చిన అంకె కలపాలి. దారి శుభ్రంగా ఉండి వాటుకు 0.3 డిగ్రీల నిరోధం ఉందనుకుంటే, 150 వాట్లకు 45 డిగ్రీలు పెరుగుతుంది. గది 25 ఉంటే చిప్ 70. మే నెలలో మన ఇంట్లో 40 ఉంటే 85. మూసిన టీవీ అరలో, తాను వదిలిన వేడి గాలినే మళ్ళీ పీల్చుకుంటూ అక్కడ 48కి చేరితే 93. దుమ్ముతో నిరోధం 0.4కి పెరిగిందా, వంద దాటినట్టే.

ప్లేస్టేషన్ సూచనల పుస్తకంలో 5 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని ఉంటుంది. చేవెళ్ళ, మొయినాబాద్‌లలో వేసవి మధ్యాహ్నాలు 40 దాటడం మామూలే. అంటే ఏడాదిలో కొన్ని వారాలపాటు మనం ఆ యంత్రాన్ని దాని హద్దు దాటించి వాడుతున్నాం. లోపలికి వెళ్ళే గాలి ఒక్క డిగ్రీ తగ్గితే చిప్ కూడా ఒక్క డిగ్రీ తగ్గుతుంది. అరలోంచి తీసి బయట పెట్టడమనే పైసా ఖర్చు లేని పని, ఎనిమిది డిగ్రీలు తగ్గించగలదు. ఏ ఖరీదైన ఫ్యానూ అంత సులువుగా ఆ పని చేయదు.

పూల పాలీహౌస్ చెప్పే పాఠం

మొయినాబాద్ చుట్టుపక్కల గులాబీ, జెర్బెరా పెంచే పాలీహౌస్‌లు ఉన్నాయి. ఫ్యాన్ అండ్ ప్యాడ్ పద్ధతి పెట్టుకున్న చోట ఒక గోడంతా తడిసిన కాగితపు ప్యాడ్లు ఉంటాయి, ఎదుటి గోడకు పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్లు. ఫ్యాన్లు గాలిని బయటికి లాగేస్తే, బయటి గాలి తడి ప్యాడ్ల గుండా చల్లబడి లోపలికి వస్తుంది. బయట 40 డిగ్రీలు ఉండి గాలిలో తేమ 20 శాతమే ఉన్నప్పుడు, మంచి ప్యాడ్ 26 డిగ్రీల దరిదాపుల గాలిని ఇవ్వగలదు.

ఈ పద్ధతికి రెండు శత్రువులు. ఒకటి, బోరు నీటి ఉప్పు ప్యాడ్ల మీద గట్టిపడి గాలి దారి మూయడం. మన రేకుల మీది దుమ్ము లాంటిదే ఇది. రెండోది, ఎక్కడో ప్లాస్టిక్ షీటు చిరగడం. గాలికి కష్టమైన ప్యాడ్ దారి కంటే చిరుగు దారి సులువు. ఫ్యాన్లు అంతే జోరుగా తిరుగుతాయి, మీటరు అంతే కాలుతుంది, పూలు మాత్రం వాడిపోతాయి.

కన్సోల్ విప్పి బిగించేవాళ్ళు చేసే పెద్ద తప్పు సరిగ్గా ఇదే. బ్లోయర్ చుట్టూ, రేకుల అంచుల వెంట సన్నటి స్పాంజి పట్టీలు ఉంటాయి. పనికిరానివనుకుని పారేస్తారు. అవి గాలిని దొంగదారి పట్టనీయకుండా రేకుల మధ్యకే తోలే గట్లు. చెరువు గట్టు తెగితే తూములో నీళ్ళు రానట్టే, ఆ పట్టీ పోతే గాలి రేకులను తప్పించుకుని పక్కనుంచి వెళ్ళిపోతుంది. చల్లగాలి కోసం పెట్టె మూతకు రంధ్రాలు చేయడం కూడా ఆ గట్టును తెంపడమే.

ప్రపంచం నేర్చుకున్న గుణపాఠం

వేడిని తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో చెప్పడానికి ఎక్స్‌బాక్స్ 360 చరిత్ర చాలు. 2005 నవంబరులో అమెరికాలో అమ్మకానికి వచ్చిన ఆ కన్సోల్ ముందు భాగంలో ఎర్ర దీపాల వలయం వెలిగి ఆగిపోవడం మొదలైంది. 2007 జులైలో మైక్రోసాఫ్ట్ ఆ లోపానికి వారంటీని మూడేళ్ళకు పెంచి, అందుకు వంద కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టింది. మండే వేడి కంటే మాటిమాటికీ కాగి చల్లారడమే ప్రధాన కారణమని ఆ సంస్థే 2021లో తన చరిత్ర మీద తీసిన 'పవర్ ఆన్' డాక్యుమెంటరీలో వివరించింది.

దీని వెనక ఉన్నది పదార్థాల స్వభావం. 60 డిగ్రీలు వేడెక్కితే 20 మిల్లీమీటర్ల సిలికాన్ మూడు మైక్రాన్లు సాగుతుంది, దాని కింది పలక దాదాపు 19 మైక్రాన్లు సాగుతుంది. తేడా 16 మైక్రాన్లు, వెంట్రుక మందంలో పావు వంతు. రెండింటినీ కలిపి పట్టుకున్న సన్నటి లోహపు చుక్కలు ప్రతి ఆటకూ ఒకసారి ఆ లాగుడు భరించాలి. ఇనుప తీగను అటూ ఇటూ వంచితే చివరికి తెగినట్టే అవీ పగులుతాయి. ఆ రోజుల్లో కొందరు కన్సోల్‌ను తువ్వాలులో చుట్టి కావాలని వేడెక్కించి బతికించేవారు. నేటికీ కొన్ని దుకాణాల్లో హీట్ గన్ పెట్టి అదే పని చేస్తారు. పగులు కాసేపు అతుక్కుంటుంది, కొన్ని వారాల్లో మళ్ళీ విచ్చుకుంటుంది. దాన్ని మరమ్మతు అనలేం. దయచేసి ఒప్పుకోకండి.

ఆ పాఠం తర్వాతి యంత్రాల్లో కనబడుతుంది. 2020 అక్టోబరులో సోనీ ఇంజనీర్ యసుహిరో ఓటోరి ప్లేస్టేషన్ 5ను కెమెరా ముందు ఒక్కో మర విప్పి చూపించారు. 120 మిల్లీమీటర్ల వెడల్పు, 45 మిల్లీమీటర్ల మందమున్న, రెండు వైపులా గాలి పీల్చే ఫ్యాను, లోపలి దుమ్మును వాక్యూమ్ క్లీనర్‌తో లాగేసేందుకు ప్రత్యేకంగా రెండు రంధ్రాలు, పేస్ట్ బదులు ద్రవ లోహం కనిపించాయి. పెట్టె అంత పెద్దదెందుకని అడిగినవాళ్ళకు జవాబు అందులోనే ఉంది: వేడికి విశాలమైన దారి.

ఫ్యాను మార్చాలా?

రెక్కలు విరిగినా, బేరింగు గరగరలాడినా తప్పకుండా మార్చాలి. అదే మోడల్ నంబరుది తీసుకోవాలి. ఫ్యాను ఎంత వేగంగా తిరగాలో బోర్డు ఒక తీగ మీద చెబుతుంది. ఏదో ఒక ఫ్యాను తెచ్చి నేరుగా 12 వోల్టులకు కలిపితే ఆ సంభాషణ తెగిపోతుంది. కొన్ని కన్సోళ్ళు ఫ్యాను పాడైందనుకుని అసలు ఆన్ కావు.

ఉన్న ఫ్యానునే ఎక్కువ వేగంతో తిప్పితే? ఫ్యాన్లకు ఒక సూత్రం ఉంది. వేగం రెట్టింపైతే గాలి రెట్టింపవుతుంది, ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది, కరెంటు ఎనిమిది రెట్లవుతుంది, మోత దాదాపు 15 డెసిబెళ్ళు పెరుగుతుంది. దీన్నే తిరగేసి చూడండి. దారి శుభ్రం చేసి వేగాన్ని అయిదో వంతు తగ్గించగలిగితే ఫ్యాను కరెంటు సగానికి పడిపోతుంది. మోత తగ్గడమే దారి బాగుపడిందనడానికి గుర్తు. వెనక తగిలించే చిన్న యూఎస్‌బీ ఫ్యాన్ల విషయంలో ఒకటి గమనించండి: అసలు ఫ్యాను తోసే దిక్కుకే అవి కూడా తోయాలి. ఎదురు తోస్తే, వేడి గాలిని తిప్పి లోపలికే పంపితే ఉన్నది కూడా పోతుంది.

చేసుకునే పద్ధతి

వారంటీ ఉంటే కంపెనీ సర్వీస్ సెంటరుకే ఇవ్వండి. లేకపోతే, చేతి ఒడుపు ఉంటే ఇంట్లో చేసుకోవచ్చు. ప్లగ్ పీకి గంటసేపు వదిలేయండి. కరెంటు సప్లై పెట్టెను మాత్రం ఎన్నడూ విప్పకండి. అందులోని కెపాసిటర్లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉంటుంది. తీసిన మరలను కాగితం మీద బొమ్మ గీసి ఆ స్థానాల్లోనే పెట్టుకుంటే బిగించేటప్పుడు తడుముకోనక్కర్లేదు. ఫ్యాను రెక్కలను వేలితో ఆపి పట్టుకుని గాలి కొట్టండి. గాలి జోరుకు అది గిర్రున తిరిగితే బేరింగు అరుగుతుంది, మోటారు డైనమోలా మారి బోర్డులోకి కరెంటు తోస్తుంది. రేకుల మీది పొరను మెత్తటి బ్రష్షుతో, గాలి వచ్చిన దిక్కుకు ఎదురుగా తోయండి.

పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది చిప్ అంతా పలచగా పరచండి. ఎక్కువ రాస్తే మేలు ఎక్కువ జరగదు, మందం పెరిగితే నిరోధం పెరుగుతుంది. పక్క చిప్‌ల మీది మెత్తటి థర్మల్ ప్యాడ్లు చిరిగితే అదే మందమున్నవే వేయండి. మందం తేడా వస్తే రాగి పలక చిప్‌కు ఆనదు. మరలను కారు చక్రానికి బోల్టులు బిగించినట్టు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. ద్రవ లోహం వాడిన కన్సోల్‌లో హీట్ సింక్ (రాగి పలక, పైపులు, రేకులు కలిసిన భాగం) జోలికి పోవద్దు. గాలియం కలిసిన ఆ లోహంలో విద్యుత్తు పారుతుంది, అల్యూమినియాన్ని అది తినేస్తుంది.

పేస్ట్, ప్యాడ్లు కోఠి గుజరాతీ గల్లీలోనో, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో దొరుకుతాయి. మేం అక్కడి నుంచే తెచ్చుకున్నాం. రెండు సాయంత్రాల పని. ఇప్పుడా కన్సోల్ టీవీ అరలో లేదు. గోడకు జానెడు ఎడంగా, నేల దుమ్ము అందనంత ఎత్తున ఒక చెక్క బల్ల మీద ఉంది. మధ్యాహ్నం ఆటకు సెలవు, దీపాలు పెట్టాక ఆట. ఆ వేసవిలో అది మళ్ళీ ఆగలేదు.

మన దేశంలో 2023 ఏప్రిల్ నుంచి కొత్త ఈ-వ్యర్థాల నిబంధనలు అమల్లో ఉన్నాయి. వస్తువు చచ్చాక దాన్ని ఏం చేయాలో అవి చెబుతాయి. చావకుండా చూడటం మన చేతిలో ఉంది. ఏటా శివరాత్రి దాటి ఎండలు ముదరకముందే, ఇంట్లో గాలితో చల్లబడే ప్రతి యంత్రాన్నీ ఒకసారి దులపండి. గాలి వచ్చే దారి, పోయే దారి చేత్తో తడిమి చూడండి. కొత్తది కొనే ముందు పాతదాన్ని ఒక్కసారి విప్పి చూడండి, పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని మరీ చూడండి.